థాయ్ బీఫ్ నూడుల్ సూప్ ఇంట్లో చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్‌కి ఉత్తరాన ఏఐటీలో (ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) రెండేళ్లు చదువుకున్నా, ఆ రెండేళ్లలో వారానికి మూడుసార్లు తక్కువ కాకుండా తిన్నది ఈ సూప్. హైదరాబాద్ వచ్చాక ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టా, ఫోటో పెట్టిన ప్రతిసారీ అవే ప్రశ్నలు. ఒక్కొక్కళ్లకి విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాసి పడేస్తున్నా. కొలతలన్నీ నలుగురికి.

అసలు దీని పేరేంటి? వియత్నాం ఫో ఇదీ ఒకటేనా?

కుయ్‌తియావ్ నువా. కుయ్‌తియావ్ అంటే బియ్యప్పిండి నూడుల్స్, నువా అంటే పెద్దకూర. కుయ్‌తియావ్ అన్న మాట దక్షిణ చైనా నుంచి వలస వచ్చిన వాళ్లతో వచ్చింది, మలేషియా వెళ్లినవాళ్లు చార్ క్వే తియావ్ తినే ఉంటారు, ఆ మాటే ఇది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ప్రధాని ఫిబున్‌సోంగ్‌క్రామ్ ప్రభుత్వం నూడుల్స్ తినండి, నూడుల్స్ అమ్ముకోండి అని జనాన్ని పనిగట్టుకుని ప్రోత్సహించింది, ఇవాళ ప్రతి సందు మొదట్లో ఒక నూడుల్ బండి ఉండటానికి అదీ ఒక కారణం.

ఫో అంటే వియత్నాం వాళ్ల నూడుల్ సూప్, అది వేరు. ఫోలో అల్లం, ఉల్లిపాయ కాల్చి వేస్తారు, రసం తేటగా ఉంటది, రసంలో సోయా సాస్ పడదు. థాయ్ వాళ్ల దాంట్లో సోయా పడుద్ది, బెల్లం పడుద్ది, దుంపరాష్ట్రం (అల్లం లాంటి దుంప, గలాంగల్) పడుద్ది, రంగు టీ డికాషన్ లాగా ఉంటది. రెండూ అన్నదమ్ముల పిల్లలు అనుకోండి, ముక్కు ఒకేలా ఉంటది, మాట తీరు వేరు.

బోట్ నూడుల్స్ అంటారే, అది ఇదేనా?

దగ్గరి చుట్టం. థాయ్‌లో కుయ్‌తియావ్ రువా అంటారు, రువా అంటే పడవ. రంగ్‌సిత్ కాలవ, అయుత్తయ వైపు కాలవల్లో చిన్న పడవల మీద అమ్మేవాళ్లు, ఒక్కడే మనిషి తెడ్డు వెయ్యాలి, పొయ్యి చూసుకోవాలి, గిన్నె అందించాలి, డబ్బులు తీసుకోవాలి. గిన్నె పెద్దదైతే అందించేటప్పుడు ఒలికిపోద్ది, అందుకే నాలుగు ముద్దలకి అయిపోయే బుల్లి గిన్నెలు. ఇప్పుడు పడవలు పోయి షాపులొచ్చినా గిన్నె సైజు మాత్రం మారలేదు, బ్యాంకాక్ విక్టరీ మాన్యుమెంట్ దగ్గర కాలవ పక్క షాపుల్లో జనం తిన్న గిన్నెలు టేబుల్ మీద గోపురంలా పేరుస్తారు, చివర్లో గిన్నెలు లెక్కపెట్టి బిల్లు. మా బ్యాచ్‌లో ఒక వరంగల్ అబ్బాయి పంతొమ్మిది తిన్నాడు, ఇరవయ్యోది తినలేక కాదంట, సిగ్గేసి ఆపాడంట.

బోట్ నూడుల్స్ రసం ఇంకా చిక్కగా నల్లగా ఉంటది, అందులో నెత్తురు కలుపుతారు. దాని సంగతి కింద రాశా.

ఏ మాంసం తీసుకోవాలి? ఇక్కడ దొరికేది గేదె మాంసమే కదా?

అవును, 1977 చట్టం వల్ల మన రెండు రాష్ట్రాల్లో ఆవుని కొయ్యకూడదు, కొట్లో దొరికేది ఎక్కువగా దున్న, గేదెదే. ఏం ఫర్లేదు, సూప్‌కి బ్రహ్మాండంగా పనికొస్తది. తేడా రెండు విషయాల్లో. పీచు గట్టిగా ఉంటది కాబట్టి ఇంకో గంట ఎక్కువ ఉడకాలి, కొవ్వు తక్కువ కాబట్టి రసానికి చిక్కదనం రావాలంటే ఎముకలు ఎక్కువ వెయ్యాలి.

షాప్‌లో భాయ్‌ని ఇట్లా అడగండి: నల్లి ఎముకలు కిలో, మూలుగు కనపడేలా కొట్టి ఇవ్వమని, కాలి పిక్క దగ్గర నరాలున్న కండ ముప్పావు కిలో, ముక్కలు కొట్టకుండా. ఆ రెండో మాట గట్టిగా చెప్పండి, లేకపోతే మీరు ఫోన్ చూసుకునేలోపు కూర ముక్కలు కొట్టేస్తాడు. తెల్లటి నరాలు చూసి తీసెయ్యమనకండి, మూడు గంటలు ఉడికాక అవే జున్నులా అయిపోతాయి, ఈ సూప్‌లో సగం మజా అక్కడే. అమెరికాలో ఉన్నవాళ్లకి బీఫ్ షాంక్ అంటే ఇదే కండ దొరుకుద్ది, వాళ్లకి గంట తక్కువ పడుద్ది.

సరే, మొత్తం పద్ధతి ఒకసారి చెప్పండి.

ముందు కడుగుడు. ఎముకలు, మాంసం పెద్ద గిన్నెలో వేసి మునిగేదాకా చన్నీళ్లు పోసి మరిగించండి, బూడిద రంగు తెట్టు పైకి తేలుతది, ఏడెనిమిది నిమిషాలు అట్లా మరగనిచ్చి ఆ నీళ్లు మొత్తం పారబోసెయ్యండి. అవును మొత్తం. "సారమంతా పోతది కదరా" అని మా అమ్మ ఇప్పటికీ వెనక నిలబడి బాధపడుతది, పొయ్యేది సారం కాదు, నెత్తురూ మురికీ. తర్వాత ఎముకల్ని కుళాయి కింద పట్టి వేలితో రుద్ది కడగండి, సందుల్లో గడ్డకట్టిన నెత్తురు ఉంటది. గిన్నె కూడా తోమండి.

ఇప్పుడు కడిగిన ఎముకలు, మాంసం, 4 లీటర్ల మంచినీళ్లు. ఒక పొంగు రాగానే సిమ్‌లో పెట్టెయ్యండి. పైన అక్కడక్కడ ఒక బుడగ లేచి పగలాలి, అంతే, కుతకుత ఉడికితే కొవ్వు రసంలో కలిసిపోయి తెల్లగా మురుగ్గా అయిపోద్ది. మొదటి అరగంట పక్కనే నిలబడి తెట్టు తీస్తూ ఉండండి.

తేటపడ్డాక వెయ్యాల్సినవి: దుంపరాష్ట్రం ఐదారు చక్రాలు, నిమ్మగడ్డి రెండు కాడలు చితక్కొట్టి, వెల్లుల్లి ఒక గడ్డ అడ్డంగా కోసి, కొత్తిమీర వేళ్లు ఐదారు, తెల్ల మిరియాలు ఒక చెంచా, అనాస పువ్వులు రెండు, వేలంత దాల్చిన చెక్క, ముల్లంగి ఒకటి పెద్ద ముక్కలుగా. ముల్లంగి ఎందుకంటారా, రసానికి ఒక చల్లటి తీపి ఇస్తది, అక్కడి బండ్ల గిన్నెల్లో తెల్లటి దుంగల్లా తేలుతుంటాయి.

కొత్తిమీర వేళ్ల గురించి ఒక మాట. రైతుబజార్లో కట్ట కొంటే వేళ్లతోనే వస్తది, మనం ఇంటికొచ్చి మొట్టమొదట చేసే పని కత్తిపీటతో ఆ వేళ్లు కోసి చెత్తలో వెయ్యడం. థాయ్ వంటలో ఆకు కంటే వేరుకే ఎక్కువ విలువ. మట్టి పోయేదాకా నానబెట్టి కడిగి, ఫ్రీజర్లో ఒక డబ్బాలో దాచుకోండి.

గంట అయ్యాక లైట్ సోయా 3 పెద్ద చెంచాలు, డార్క్ సోయా 1, ఫిష్ సాస్ 2, తాటిబెల్లం నిమ్మకాయంత. మళ్లీ సిమ్. కండ మెత్తబడగానే, అంటే ఫోర్క్ గుచ్చితే ఆగకుండా దిగాలి కానీ ముక్క విడిపోకూడదు, అప్పుడు దాన్ని బయటికి తీసి గిన్నె రసం పోసి పక్కన పెట్టండి, ఎముకలు మాత్రం ఉడుకుతూనే ఉంటాయి. గేదె కండకి నాకు మూడున్నర గంటలు పట్టింది, ఒకసారి నాలుగు. చివర్లో వడకట్టి, చూసుకుని ఉప్పు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి వేసుకోండి. కండ చల్లారాక పీచుకి అడ్డంగా కొయ్యండి, వేడి మీద కోస్తే చెదిరిపోద్ది.

మూడున్నర గంటలా? కుక్కర్‌లో పెడితే కుదరదా?

కుదురుద్ది. కడుగుడు మాత్రం ఎగ్గొట్టొద్దు. కండని కుక్కర్లో మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో 40 నిమిషాలు, ఆవిరి దానంతటది పోనివ్వండి. రసం కొంచెం మబ్బుగా వస్తది, వాసన కొంచెం తక్కువ, ఆఫీసు రోజున అంత చాలు. నేను మామూలుగా ఎముకలు గిన్నెలో, కండ కుక్కర్లో పెట్టి చివర్లో రెండూ కలిపి అరగంట మరగనిస్తా. గ్యాస్ సగం మిగులుద్ది.

అల్లం వెల్లుల్లి పేస్ట్, గరం మసాలా కొంచెం వేస్తే ఇంకా బావుంటది కదా?

బావుంటది. కానీ అది పాయా అయిపోద్ది, ఇది కాదు.

కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పటడుగు వేస్తున్నారు. మన చేతికి మసాలా వేయించడం, పేస్టు వేయించడం, నూనె పైకి తేలేదాకా ఆగడం అలవాటు. ఇక్కడ ఏదీ వేగదు. అనాస పువ్వు రెండంటే రెండే, మూడోది వేస్తే దగ్గు మందు వాసన. లవంగం, యాలక, షాజీరా జోలికి పోకండి. మొదటిసారి నేను "రెండు పువ్వులేం సరిపోతాయిలే" అని ఐదు పువ్వులు, లవంగాలు, మరాఠీ మొగ్గ అన్నీ వేశా, ఇల్లంతా బిర్యానీ వాసన, మా ఆవిడ వచ్చి మూత తీసి "అన్నం ఎక్కడ?" అంది. మసాలాలు వెనకనుంచి మాట్లాడాలి, ముందు ఎముక మాట్లాడాలి.

దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి ఎక్కడ దొరుకుతాయి? అల్లం వాడొచ్చా?

దుంపరాష్ట్రం ఎండుది ఆయుర్వేద మందుల కొట్లో దొరుకుద్ది కానీ అది కషాయానికి, సూప్‌కి పచ్చిదే కావాలి. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో పెద్ద సూపర్ మార్కెట్లలో గలాంగల్ అని ఉంటది, ఆన్‌లైన్ కూరగాయల యాప్‌ల్లో కూడా వస్తది. చూడ్డానికి అల్లం అన్నలా ఉంటది గానీ వాసన వేరు, ఒక రకం కర్పూరం, పైన్ చెట్టు వాసన. అల్లం వాడితే సూప్ పాడైపోదు, కాకపోతే థాయ్ వాసన పోయి మన ఇంటి వాసన వస్తది. దొరక్కపోతే రెండు చక్రాల అల్లం వేసి ఊరుకోండి, దానికోసం వంట ఆపొద్దు. నిమ్మగడ్డి కుండీలో పెంచుకోండి, చంపుదామన్నా చావదు.

ఫిష్ సాస్ వాసన భరించలేకపోతున్నా. తప్పదా?

సీసాలోంచి వాసన చూడకండి! నామ్ ప్లా అంటే నెత్తళ్ల లాంటి చిన్న సముద్రపు చేపలు, ఉప్పు కలిపి సంవత్సరం పైగా ఊరబెట్టి వడగట్టిన నీళ్లు. ఎండు చేపల పులుసు తినే ఇంట్లో పుట్టినవాళ్లకి దీంతో పేచీ ఉండకూడదు మరి. వేడి రసంలో పడ్డాక చేప వాసన పోయి ఒక లోతు మిగులుద్ది, అది ఉప్పుతో రాదు. అంతగా పడకపోతే ఇంకో చెంచా లైట్ సోయా, చిటికెడు ఉప్పు. అది కుయ్‌తియావ్‌కి కాస్త దూరమైన చుట్టం అవుద్ది, అంతే.

లైట్ సోయా, డార్క్ సోయా రెండూ ఎందుకు, ఒకటి సరిపోదా?

లైట్ ఉప్పుకి, డార్క్ రంగుకి. మనకి ఫ్రైడ్ రైస్ కోసం కొనే సీసా ఎక్కువగా డార్కే, అది మూడు చెంచాలు పోస్తే రసం నల్లగా, చేదుగా తయారవుద్ది.

నూడుల్స్ ఏవి? నావి ప్రతిసారీ ముద్దయిపోతున్నాయి.

అక్కడ షాపుకెళ్తే మాంసం కంటే ముందు నూడుల్ సైజు అడుగుతారు. సెన్ మీ అంటే మన సేమ్యా అంత సన్నం, సెన్ లెక్ అంటే అరసెంటీమీటరు వెడల్పు, సెన్ యాయ్ అంటే రిబ్బన్ లాగా వెడల్పు, బామీ అంటే గుడ్డు వేసిన పసుపు గోధుమ నూడుల్స్. ఇంట్లో అయితే సెన్ లెక్ తీసుకోండి, రైస్ స్టిక్ నూడుల్స్ 5 మిల్లీమీటర్లు అని ప్యాకెట్ మీద ఉంటది. మనిషికి 60 గ్రాములు చాలు.

ముద్ద ఎందుకవుతున్నాయంటే మీరు మ్యాగీ లాగా ఉడికిస్తున్నారు. ఇవి ఉడికేవి కావు, నానేవి. మామూలు చన్నీళ్లలో 40 నిమిషాలు నానబెట్టండి, వంగుతాయి కానీ కొరికితే గట్టిగా ఉంటాయి, అట్లాగే ఉండాలి. తినే ముందు ఒక్కొక్కరి వాటా జాలీ గరిటెలో వేసి మరిగే నీళ్లలో ముంచి అర నిమిషం ఊపి, దులిపి, నేరుగా గిన్నెలోకి. సూప్ గిన్నెలో మాత్రం ఉడికించకండి, గంజి వదిలి రసం జిగురైపోద్ది. అదే నీళ్లలో గుప్పెడు పెసర మొలకలు, తూటికూర కూడా పది సెకన్లు ముంచి తియ్యొచ్చు, తూటికూర లేకపోతే పాలకూర.

పచ్చి మాంసం పల్చటి ముక్కలు పైన వేస్తారు కదా, అవెట్లా?

దాన్ని నువా సోత్ అంటారు, ఉడికిన కండ నువా తున్. రెండూ వేసుకుంటేనే గిన్నె నిండుగా ఉంటది. ఎముక లేని మెత్తటి ముక్కని 40 నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి కాస్త గట్టిపడ్డాక పీచుకి అడ్డంగా కాగితంలా కొయ్యండి, కొంచెం సోయా, చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టించండి. తర్వాత జాలీ గరిటెలో పెట్టి మరిగే రసంలో ముంచి గులాబీ రంగు పూర్తిగా పోయేదాకా ఉంచండి, ఒక నిమిషం లోపే. బ్యాంకాక్‌లో సగం పచ్చిగా తింటారు గానీ మన కొట్టు మాంసానికి ఆ సాహసం వద్దు.

నెత్తురు వెయ్యాలా?

నామ్ తోక్ అంటారు, అంటే జలపాతం. మరిగే రసంలో ఉప్పు కలిపిన పచ్చి నెత్తురు ఒక గరిటె వేసి తిప్పితే రసం చిక్కబడి చాక్లెట్ రంగు వస్తది, నోటికి కొంచెం ఇనుము తగిలినట్టు ఉంటది. మనకి కొత్తేం కాదు, తెలంగాణలో నల్ల వేపుడు తిననిదెవరు. కానీ శుభ్రంగా పట్టిన తాజా నెత్తురు దొరకడం కష్టం, సరిగ్గా మరక్కపోతే కడుపు చెడుద్ది, నేను ఇంట్లో వెయ్యను. బదులుగా ఎర్రగా ఊరబెట్టిన చైనా టోఫు ఒక ముక్క నలిపి రసంలో కలుపుతా, బోట్ నూడుల్స్ వాళ్లు కూడా వాడేదే, చిక్కదనం వస్తది.

వెల్లుల్లి నూనె లేకపోతే నడవదా?

ఇంకేదైనా మానెయ్యండి గానీ ఇది మానొద్దు. వెల్లుల్లి పది పన్నెండు రెబ్బలు కచ్చాపచ్చాగా తరిగి, కొంచెం పొట్టు ఉన్నా మంచిదే, చల్లటి నూనెలోనే వేసి సన్న సెగ పెట్టండి. ముందు నూనె అంతా బుసబుస నురగొస్తది, ఆ నురగ తగ్గుతుండగా అంచులు లేత గోధుమ రంగుకి తిరుగుతాయి, సరిగ్గా అప్పుడే దించి వేరే గిన్నెలోకి ఒంపెయ్యండి. "ఇంకొంచెం ఎర్రగా రానీ" అనుకున్నారో అయిపోయింది, దించాక కూడా నూనె వేడికి వేగుతూనే ఉంటది కాబట్టి మాడి చేదైపోద్ది. నావి మూడు బ్యాచ్‌లు అట్లాగే సింకు పాలయ్యాయి.

గిన్నె కట్టే వరస: అడుగున చెంచా వెల్లుల్లి నూనె, దాని మీద మొలకలు, నూడుల్స్, రెండు రకాల మాంసం, సలసల మరిగే రసం, పైన ఉల్లికాడలు, కొత్తిమీర, తెల్ల మిరియాల పొడి. థాయ్ తులసి ఉంటే నాలుగాకులు. మన పూజ తులసి వెయ్యొద్దు, వాసన ఎక్కడికో పోతది.

అంతా చెప్పినట్టే చేశా కానీ అక్కడి రుచి రాలేదు, చప్పగా ఉంది. ఏం తప్పు చేశా?

బహుశా ఏ తప్పూ చెయ్యలేదు. మీరు సగంలో ఆగిపోయారు.

అక్కడ ప్రతి టేబుల్ మీద నాలుగు గిన్నెల స్టాండు ఒకటి ఉంటది: చక్కెర, వేయించిన ఎండుమిర్చి పొడి, మిరపకాయలు నానబెట్టిన వెనిగర్, ఫిష్ సాస్. కొన్నిచోట్ల పల్లీల పొడి కూడా. వంటాయన రసాన్ని కావాలనే కాస్త ఖాళీగా వదిలేస్తాడు, పులుపైతే అసలు వెయ్యడు, మిగతాది తినేవాడు పూర్తి చేసుకోవాలి. రంగ్‌సిత్‌లో నేను రోజూ వెళ్లే బండి ఆవిడ, నేను మొదటిరోజు గిన్నె రాగానే గబగబా తింటుంటే, వచ్చి ఏం మాట్లాడకుండా ఆ స్టాండు నా ముందుకి జరిపి వెళ్లిపోయింది. మన దగ్గర వండినావిడ పెట్టిన కూరలో ఉప్పు కలుపుకుంటే అలుగుతారు, అక్కడ కలుపుకోకపోతే వింతగా చూస్తారు.

ముందు ఉత్త రసం రెండు చెంచాలు తాగండి. తర్వాత అర చెంచా మిర్చి వెనిగర్, చిటికెడు కారం, పావు చెంచా చక్కెర, మళ్లీ తాగి చూడండి. చక్కెరా అని మొహం పెట్టకండి, తీపి తెలియడానికి కాదు, పులుపూ ఉప్పూ కొట్టుకోకుండా మధ్యలో కూర్చుంటది. రెండు గరిటెలకే తేడా తెలుస్తది.

వెనిగర్ కోసం పచ్చిమిర్చి చక్రాలు కోసి తెల్ల వెనిగర్లో అరగంట వెయ్యండి చాలు. కారం కోసం ఎండుమిర్చి నూనె లేకుండా పెనం మీద నల్ల మచ్చలొచ్చేదాకా వేయించి కచ్చాపచ్చాగా దంచండి, తేజ మిర్చి అయితే సరిగ్గా సరిపోద్ది, అసలు మన గుంటూరు, ఖమ్మం తేజ మిర్చి థాయ్‌లాండ్‌కి ఎగుమతి అవుతది కూడా. వేయించేటప్పుడు కిటికీలు తీసి పెట్టుకోండి, పక్కింటోళ్లు తలుపు కొడతారు.

మా ఇంట్లో పెద్దకూర తినం. వేరేదాంతో?

థాయ్‌లో కూడా తినని వాళ్లు బోలెడుమంది, ముఖ్యంగా కువాన్ ఇమ్ అమ్మవారిని కొలిచే చైనా మూలాల కుటుంబాలు. అందుకే చాలా షాపుల్లో పంది మాంసం, కోడి రకాలు పక్కపక్కనే ఉంటాయి, ముస్లింల షాపుల్లో మాత్రం పెద్దకూరదే రాజ్యం. మీరు మటన్ నల్లి, కాళ్లతో చెయ్యండి, రెండు గంటలు చాలు, అనాస పువ్వు ఒకటి తగ్గించండి. కోడి అయితే నాటుకోడి. బ్రాయిలర్‌తో వద్దు, మూడు గంటలకి ఏం మిగలదు.

మిగిలిన రసం ఎన్నాళ్లుంటది?

నూడుల్స్ కలపకుండా, వడగట్టి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు, ఫ్రీజర్లో రెండు నెలలు. పైన గడ్డకట్టిన కొవ్వు మొత్తం తీసెయ్యకండి, రెండు చెంచాలు ఉంచండి. రెండోరోజే ఎక్కువ బావుంటది, పప్పుచారు లాగా. బ్యాంకాక్ ఎక్కమైలో వత్తనా పానిచ్ అని ఒక పాత షాపుంది, రోజూ మిగిలిన రసాన్ని మర్నాటి గంగాళంలో కలుపుతూ దశాబ్దాలుగా అదే రసాన్ని నడిపిస్తున్నారు, వీధిలోకే వాసన వస్తది. అది చూసి ఇంట్లో మొదలుపెట్టకండి, రోజంతా పొయ్యి మీదుండే గంగాళం సంగతి వేరు, మన ఇంటి గిన్నె వేరు.

ఈసారి బ్యాంకాక్ వెళ్తున్నా, ఎట్లా అడగాలి?

"సెన్ లెక్, నువా తున్" అనండి, చాలు. రసం లేకుండా కావాలంటే "హేంగ్", నూడుల్స్ లేకుండా ఉత్త సూప్ కావాలంటే "కావ్‌లావ్", ఎక్కువ పెట్టమనాలంటే "పిసేత్". మగవాళ్లు చివర "ఖ్రాప్", ఆడవాళ్లు "ఖా" అనాలి, మన "అండీ" లాగా. చాప్‌స్టిక్స్ కుడిచేతిలో, చెంచా ఎడమచేతిలో. స్టాండు మీ వైపుకి జరుపుకోవడం మర్చిపోకండి.